బాయిలరుకు నీటి పరీక్ష

ఆదోని అనగానే పత్తి గుర్తుకొస్తుంది. ఎమ్మిగనూరు, నందవరం ప్రాంతపు పత్తి చేరే ఈ ఊళ్లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఆవిరితో నడిచేవి. ఆవిరికి బాయిలరు కావాలి. అది పేలితే పక్కనున్నవారికి ప్రాణాపాయం.

1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు చనిపోయారు. మరుసటి ఏడాదే బెంగాలులో తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1923లో చేశారు. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోనిది; 1953లో ఆంధ్రలో చేరింది. ఆ చట్టం కింద బాయిలరు సర్టిఫికెట్టు గడువు 12 నెలలకు మించకూడదు. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది.

తనిఖీలో బాయిలరును చల్లార్చి, శుభ్రం చేయించి, రివెట్లను సుత్తితో తట్టి శబ్దం వినేవారు. రివెట్టు రంధ్రాల అంచులే పగుళ్లకు పుట్టిళ్లు. తరువాత నిండా నీళ్లు నింపి, పనిచేసే ఒత్తిడికి మించి పంపు కొట్టేవారు. గాలిని నొక్కితే కుదించుకుని శక్తిని దాచుకుంటుంది. రేకు చీలితే పేలుతుంది. నీరు దాదాపు కుదించుకోదు కనుక, చీలినా ఒత్తిడి వెంటనే పడిపోతుంది.

అయితే ఒకసారి నెగ్గితే చాలదు. పగులు పొడవు పెరిగేకొద్దీ తక్కువ ఒత్తిడికే లోహం తెగుతుందని 1921లో ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ ప్రచురించిన సిద్ధాంతం దారి చూపింది. 1954లో కామెట్ జెట్ విమానాలు ఆకాశంలోనే విచ్ఛిన్నమయ్యాయి. మరో కామెట్‌ను నీళ్ల తొట్టిలో ఉంచి, ప్రయాణాల్లో లాగే లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోయారు. అంతకుముందు ఎగిరినవాటితో కలిపి 3,057 ప్రయాణాల లెక్కకు దాని గోడ చీలింది. ఒక్కసారి పెట్టిన పెద్ద ఒత్తిడికి తట్టుకున్న లోహమే, వేలసార్లు వచ్చిపోయే చిన్న ఒత్తిడికి లొంగిపోయింది.

అందుకే విశాఖపట్నంలో 1966లో ఏర్పడిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ వంటి కర్మాగారాల్లో నీటి పరీక్షతోపాటు వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే పరీక్షలూ అవసరమయ్యాయి. 2013లో ఆ సంస్థ బి.హెచ్.ఇ.ఎల్.లో కలిసింది.

మన వంటింటి గ్యాసు సిలిండరుకూ ఇదే పద్ధతి: కొత్తదానికి పదేళ్లకు, ఆపైన ఐదేళ్లకొకసారి పరీక్ష. పైభాగాన పిడిని మోసే పట్టీల లోపలివైపు ఇంగ్లీషు అక్షరం, అంకెలు ఉంటాయి. ఎ నుంచి డి దాకా అక్షరాలు మూడేసి నెలలకు గుర్తు. సి-27 అంటే 2027 జులై–సెప్టెంబరు లోగా పరీక్ష జరగాలని. గడువు దాటిన సిలిండరు వస్తే తీసుకోకుండా వెనక్కి పంపండి. ఇంట్లో పిల్లలకూ ఆ గుర్తు చూపించండి.