కేకు మీది తెల్లని పొర



మొన్న క్రిస్మస్ ఆరాధన ముగిశాక కేకు ముక్కలు పంచుతుంటే, ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని ఆపి అడిగింది. "అయ్యగారూ, ఈ కేకు బైబిల్లో ఉందా? లేకపోతే దొరలు తెచ్చిందేనా?" చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. మేమూ నవ్వేసి, "ముందు తినమ్మా, తర్వాత చెప్తాం" అన్నాం. చెప్పలేదు. ఎందుకంటే మాకే సరిగ్గా తెలియదు. ఇంటికొచ్చాక ఆ మాట మనసులో ఉండిపోయింది. కొంత చదివాం. పెద్దమ్మకు బాకీపడ్డ జవాబు ఇది. కాస్త పెద్దదే, ఓపికతో చదవండి.

మన ఊళ్ళకు డిసెంబరులో వచ్చే ప్లమ్ కేకు ఒంటి పొర కేకు. అందులో ఎర్రగా, పచ్చగా కనిపించే టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలను పంచదార పాకంలో ఊరబెట్టి చేసినదే. కానీ ఇంగ్లండులో పండుగకూ పెండ్లికీ చేసే అసలు పండ్ల కేకుకు మూడు పొరలు. అడుగున ఎండుద్రాక్ష, నారింజ తొక్కల మురబ్బా, జాజికాయ, జాపత్రి వేసి కాల్చిన నల్లని కేకు. దాని మీద బాదంపప్పు నూరి పంచదారతో కలిపిన ముద్ద. ఆ పైన గుడ్డు తెల్లసొనలో మెత్తని పంచదార పొడి వేసి గిలకొట్టి పూసిన తెల్లని పూత. ఈ వరుసకు కారణం ఉంది. పండ్ల తడి, వెన్న జిడ్డు పైకి వస్తే తెల్లని పూత మీద గోధుమరంగు మరకలు పడతాయి. బాదం పొర వాటిని ఆపుతుంది. పై పూత ఆరి గట్టిపడితే లోపలికి గాలి తగలదు. కేకు నెలల తరబడి పాడవకుండా ఉంటుంది.

ఇది మొదట క్రిస్మస్ కేకు కాదు. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన సంగతిని తలుచుకొనే జనవరి 6 పండుగ వేళ ఇంగ్లండులో పెద్ద పండ్ల కేకు కోసేవారు. లోపల ఒక చిక్కుడు గింజ దాచేవారు. ఎవరి ముక్కలో గింజ వస్తే ఆ రాత్రికి అతడే రాజు. పనివాడికి వచ్చినా రాజే. 19వ శతాబ్దంలో ఆ పండుగ సందడి తగ్గి, ఆ కేకు క్రిస్మస్ బల్ల మీదికి చేరింది.

బాదం పొర మీద పంచదార పొర వేసే పద్ధతి 1769లో ఎలిజబెత్ రాఫల్డ్ అనే ఆమె రాసిన వంటల పుస్తకంలో కనిపిస్తుంది. ఆమె చెప్పిన పెండ్లి కేకుకు 4 పౌన్ల పిండి, 4 పౌన్ల వెన్న, 2 పౌన్ల పంచదార, 4 పౌన్ల ఎండుద్రాక్ష, పౌను పిండికి 8 చొప్పున 32 గుడ్లు కావాలి. 4 పౌన్లంటే దగ్గరదగ్గర 1 కిలో 800 గ్రాములు. అప్పట్లో బేకింగ్ పౌడరు లేదు. చేత్తో వెన్న నురగలా చేసి, గుడ్లు గిలకొట్టి, ఆ గాలితోనే కేకును పొంగించాలి. పంచదార గోపురంలాంటి గట్టి దిమ్మగా దొరికేది. దాన్ని కొట్టి, దంచి, జల్లించాలి. పూత ఎంత తెల్లగా ఉంటే ఆ ఇంటికి అంత గొప్ప. 1840లో విక్టోరియా రాణి పెండ్లి కేకు దాదాపు 300 పౌన్లు తూగింది.

మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలస్సేరిలో మంబల్లి బాపు గారి బేకరీలో తయారైందని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. మర్డోక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు రుచి చూపించి అలాంటిది చేయమన్నాడట. బాపు గారు తన పద్ధతిలో చేసి మెప్పించారట. కాబట్టి పెద్దమ్మా, నీ మాటలో సగం నిజమే. దొరల రుచి, మన చేతి పని.

ఇక్కడితో ఆపితే ఇది వంటల కథ అయ్యేది. కానీ ఆ తెల్లని పొర దగ్గర మేము ఆగిపోయాం.

ఇంగ్లండులో చెరకు పండదు. మరి ఆ పంచదార ఎక్కడిది? 1700 ప్రాంతంలో అక్కడ మనిషికి ఏడాదికి సుమారు 4 పౌన్ల పంచదార వాడేవారు. 1800 నాటికి అది సుమారు 18 పౌన్లయింది. అదంతా జమైకా, బార్బడోస్ వంటి దీవుల నుంచి వచ్చేది. అక్కడ చెరకు నరికినది, గానుగ ఆడించినది, పాకం కాచినది ఆఫ్రికా నుంచి ఓడల్లో గొలుసులతో తెచ్చిన బానిసలు. మూడున్నర శతాబ్దాలలో సుమారు 1 కోటి 25 లక్షల మందిని అలా ఓడలెక్కించారు. దారిలోనే సుమారు 18 లక్షల మంది చనిపోయారు. బ్రతికి దిగినవారిలో ఎక్కువమంది చెరకు తోటలకే చేరారు.

మనలో చాలామందికి బెల్లం వండే చోటు తెలుసు. గానుగలో చెరకు పెట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుసు. కోత కాలంలో ఆ దీవుల్లో గానుగలు రాత్రింబగళ్ళు ఆడేవి. నిద్రమత్తులో బానిస చేయి రోళ్ళ మధ్య ఇరుక్కుంటే వెంటనే నరికేయడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారని ఆనాటివారు రాసిపెట్టారు. గానుగ ఆపడం కంటే చేయి నరకడం తేలిక. ఆ తెల్లని పొర వెనుక ఉన్నది ఇదే.

మరి అప్పుడు క్రైస్తవులు ఏమి చేశారు? ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. 1710లో క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే ధనవంతుడు చనిపోతూ బార్బడోస్‌లోని తన చెరకు తోటలను, బానిసలతో సహా, ఒక సువార్త సంఘానికి రాసిచ్చాడు. ఆ సంఘం తోటలను నడిపింది. బానిసల రొమ్ము మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో "సొసైటీ" అని ముద్ర వేయించింది. సువార్త పేరు మీద ఉన్న సంఘమే! ఆ పాపానికి ఇంగ్లండు సంఘం 2006లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

కానీ ఇంకొక వరుస మనుషులు కూడా ఉన్నారు. 1791లో బానిస వ్యాపారాన్ని ఆపాలని విల్బర్‌ఫోర్స్ గారు తెచ్చిన బిల్లు పార్లమెంటులో 163 ఓట్లకు 88 తేడాతో ఓడిపోయింది. అదే ఏడు విలియం ఫాక్స్ అనే ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పార్లమెంటు చేయకపోతే మన వంటింట్లో మనం చేద్దాం అన్నది దాని సారం. వారానికి 5 పౌన్ల పంచదార వాడే కుటుంబం 21 నెలలు మానితే ఒక మనిషి బానిసత్వమో చావో తప్పుతుందని లెక్క కట్టి చూపించాడు. ఊరూరా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా ప్రకారం సుమారు 3 లక్షల మంది పంచదార మానేశారు. ఓటు హక్కు లేని స్త్రీలు, పనివాళ్ళు, చిన్నపిల్లలు. వాళ్ళ చేతిలో ఉన్నది టీ కప్పు ఒక్కటే. దాన్నే ఓటుగా చేశారు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకు సంబంధించిన సంగతి. ఆ రోజుల్లో లెస్టర్ పట్టణంలో ఒక చిన్న సంఘానికి కాపరిగా విలియం కేరీ గారు ఉన్నారు. అంతకుముందు చెప్పులు కుట్టుకొని బ్రతికినవాడు. 1792లో, అన్యదేశాలకు సువార్త తీసుకెళ్ళడం మన బాధ్యతేనని ఆయన ఒక పుస్తకం రాశాడు. డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్ళకు జవాబు చెబుతూ ఈ పంచదార సంగతి ఎత్తాడు. వెస్టిండీస్ పంచదార మానిన కుటుంబాలు తమ చేతులను రక్తం నుంచి కడుక్కోవడమే కాక, వారానికి 6 పెన్నీల నుంచి ఒక షిల్లింగు దాకా మిగుల్చుకుంటున్నాయి. అందులో కొంత ఇచ్చినా ఈ పనికి సరిపోతుంది అని ఆయన భావం. ఆ అక్టోబరులో కెట్టరింగ్‌లో కొద్దిమంది కూడి 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్నీల వాగ్దానాలతో మిషనును స్థాపించారు. మరుసటి ఏడు కేరీ గారు బెంగాల్లో దిగారు.

తర్వాతి సంగతులు మీరు విన్నవే. శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1814లో కేరీ గారి తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యాయి. ఆ ఖర్చంతా పంచదార మానినవాళ్ళ సొమ్మే అని మేము అనము. కానీ ఆ పని మొదలైనప్పుడు దాని విత్తనాలలో తీపి మానుకున్న ఇళ్ళ పెన్నీలు కూడా ఒకటిగా కేరీ గారి లెక్కలో ఉన్నాయి. ఎక్కడో ఒక తల్లి పిల్లలకు చప్పని టీ ఇచ్చింది. ఇక్కడ మన భాషలో దేవుని మాట అచ్చయింది.

1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. పరిహారంగా 2 కోట్ల పౌన్లు కేటాయించింది. బానిసలకు కాదు, యజమానులకు. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు. చెరకు నరికే చేతులు కావాలి గనుక తోటలవాళ్ళ చూపు మన దేశం మీద పడింది. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలు ఓడలెక్కారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు ఎందరో వెళ్ళారు. కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు మారిషస్‌లో తెలుగువాళ్ళకు కోరంగీలని పేరు వచ్చింది. అంటే ఆ తరువాతి కేకుల మీది తెల్లని పొరలో మన ముత్తాతల చెమట కూడా ఉంది.

1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు, చాలావరకు పేదల సంఘాలే, తమ కానుకలతో జాన్ రంగయ్య గారిని నాటాల్‌కు మిషనరీగా పంపాయి. ఎవరి దగ్గరికి? అక్కడి తెలుగు కూలీల దగ్గరికి. నూరేళ్ళ క్రితం చెరకు తోటల బానిసలను తలుచుకొని మిగిల్చిన పెన్నీల లెక్క ఒకటి మొదలైంది. అది సముద్రం దాటి తెలుగు నేలకు వచ్చి, మళ్ళీ సముద్రం దాటి తోటల్లోని కూలీల దగ్గరికే వెళ్ళింది. దేవుని లెక్కలు మనకు అందవు.

పెద్దమ్మా, నీ ప్రశ్నలో మిగిలిన సగానికి వస్తున్నాం. కేకు బైబిల్లో ఉందా? ఉంది. 1 సమూయేలు 30వ అధ్యాయం తెరవండి. సిక్లగును తగలబెట్టిన అమాలేకీయులను దావీదు తరుముతున్నాడు. పొలంలో ఒక ఐగుప్తీయుడు పడి ఉన్నాడు. అమాలేకీయుని దాసుడు. జబ్బుపడ్డాడని యజమాని విడిచిపెట్టి పోయాడు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు తిండి, నీళ్ళు లేవు. దావీదు మనుషులు అతనికి రొట్టె, నీళ్ళు ఇచ్చి, అంజూరపు అడలో ఒక ముక్క, రెండు ద్రాక్షగెలలు పెట్టారు. అతడు తిని ప్రాణం తెచ్చుకున్నాడు. అంజూరపు అడ అంటే ఏమిటి? ఎండబెట్టిన పండ్లను అద్ది చేసిన బిళ్ళ. మన పండ్ల కేకుకు తాతలాంటిది. లేఖనంలో ఆ ముక్క ఒక బానిస నోటికి చేరింది. యజమాని పారేసిన మనిషిని అది లేపింది.

అదే దావీదు ఇంకొక చోట, 2 సమూయేలు 23లో, బేత్లెహేము గవిని దగ్గరి బావి నీళ్ళు తాగాలని ఆశపడ్డాడు. ముగ్గురు ప్రాణాలకు తెగించి తెచ్చారు. దావీదు తాగలేదు. ఇది ఈ మనుషుల రక్తంతో సమానం అని యెహోవా సన్నిధిని పారబోశాడు. పంచదార మానిన ఆ 3 లక్షల మంది చేసిందీ అదే. బేత్లెహేములో పుట్టినవాని పండుగ చేసుకొనే మనకు ఈ రెండు వచనభాగాలూ కావాలి. కేకును ఎవరికి పెట్టాలో ఒకటి నేర్పుతుంది. ఏది మింగకూడదో రెండవది నేర్పుతుంది.

కేకు మానేయమని మేము చెప్పడం లేదు. ఈసారి మా ఇంట్లో మూడు పొరలతోనే చేయాలని అమ్మగారి కోరిక. ఎండుద్రాక్ష, ఖర్జూరం ముందు రాత్రే నారింజ రసంలో నానబెట్టి, పావుకిలో మైదాకు పావుకిలో వెన్న, 5 గుడ్లు వేసి, సన్నని సెగ మీద ఓపికగా కాల్చాలి. బాదం ఖరీదెక్కువ కాబట్టి నడిమి పొరకు పలాస జీడిపప్పు నూరి వాడుతుందట. పై పొర మాత్రం పలుచగా చాలు అన్నాం. ఎందుకని ఆమె అడగలేదు. ఈ వ్యాసం ముందు చదివింది ఆమే.

కానీ కేకు కోసే ముందు ఒక్క మాట చూసుకుందాం. మన పొలంలో చెరకు నరికినవాళ్ళ కూలి ఇచ్చామా? మన ఇంటి పనిమనిషికి పండుగ నెల జీతం ముట్టిందా? యాకోబు 5:4 ప్రకారం బిగబట్టిన కూలి మొరపెడుతుంది, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడుతుంది. ఆ కేక వినబడుతుండగా మనం పాడే క్రిస్మస్ పాట ఆయనకు ఎలా వినబడుతుంది? వచ్చే క్రిస్మస్‌కు మన మందిరంలో మొదటి ముక్క కాపరికి కాదు, పెద్దలకు కాదు. ఊరి బయట గుడారాల్లో ఉండే వలస కూలీల పిల్లలకు పెడదాం. ఆ ముక్కలో చిక్కుడు గింజ ఉన్నా లేకపోయినా, ఆ రాత్రికి వాళ్ళే రాజులు.

పరలోకపు తండ్రీ, మా బల్ల మీది తీపిలో ఎవరి కన్నీరూ కలవకుండా మమ్మల్ని కాపాడుము. పొలంలో పడి ఉన్నవానిని చూసే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ. ఆమేన్.