గ్రామసభ యెన్నికలు – చీటి చెల్లుబాటు

గ్రామపరిపాలనమునకు పెద్దలను ఎన్నుకొనుట మన దేశమునకు క్రొత్త గాదు. కాంచీపురమునకు చేరువనున్న ఉత్తరమేరూరు దేవాలయపు గోడలపై చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో చెక్కించిన రెండు శాసనములు ఇందులకు సాక్ష్యము. ఆ గ్రామమును ముప్పది వాడలుగా విభజించి, అర్హుల పేర్లను తాటియాకులపై వ్రాసి, వాడకొక కట్టగా గట్టి కుండలో వేయుచుండిరి. ఈ పద్ధతికి కుడవోలై యని పేరు.

అది బ్రాహ్మణుల అగ్రహారము. వేదజ్ఞానము, పన్ను గట్టు భూమి, స్వంత స్థలమున ఇల్లు అర్హతలు. ఆకు తీయుట అదృష్టముపై నాధారపడినదే గాని జనుల ఓటు గాదు. కావున నేటి వయోజన ఓటుహక్కుతో దానిని సరిపోల్చరాదు. అయినను చీటిని గూర్చి వారు వహించిన జాగ్రత్త మెచ్చదగినది. ఆబాలవృద్ధము సభ కూడవలెను. పూజారులలో వృద్ధుడు కుండను ఎల్లరకు గనబడునట్లు పైకెత్తవలెను. లోగుట్టు నెఱుగని బాలుడు ఒక కట్టను దీయగా, దానిని వేఱొక కుండలో వేసి కలిపి, మరల ఆ బాలునిచేతనే ఒక చీటి తీయింతురు. మధ్యస్థుడు ఐదు వ్రేళ్లును జాచి అరచేత దాని నందుకొని చదువవలెను. పిదప పూజారులందఱును చదువవలెను. చాచిన అరచేతిలో వేఱొక యాకును దాచుట సాధ్యము గాదు గదా! లెక్కలొప్పగింపని పూర్వసభ్యుని పేరు కుండలోనికే రాదు.

ఆ తాటియాకు స్థానమున నేడు ముద్రిత బ్యాలటు పత్రము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2021లోను, తెలంగాణమున 2019, 2025 సంవత్సరములలోను పంచాయతీ యెన్నికలు ఈ పత్రములతోనే జరిగినవి. ముద్ర లేని పత్రము, ఇద్దఱికి ముద్ర వేసిన పత్రము, ఓటరెవ్వరో తెలియజేయు గుర్తుగల పత్రము సాధారణముగా చెల్లవు. ముద్ర మసకబాఱినను ఓటరు ఉద్దేశము స్పష్టమైనచో దానిని త్రోసివేయరాదు. పది యోట్ల తేడాతో సర్పంచి పదవి తేలు పల్లెలో ఈ రెండింటి నడుమనే తగవు పుట్టును. నాటి పలుకరింపులు మాని, ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరిగిన కుటుంబములు ఎన్ని లేవు?

అట్టి తగవుకు మార్గమును 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము నిర్ణయించినది. ఎన్నికల పిటిషను మూలముననే గాని పంచాయతీ యెన్నికను ప్రశ్నింపరాదు. పిటిషను వేసినంతమాత్రమున పెట్టెలు తెఱవరు. 1964లో ఒక లోకసభ యెన్నిక వివాదమున సుప్రీముకోర్టు, తగిన వివరములతో ఆరోపణ జేసి, న్యాయమునకు ఆవశ్యకమని తోపించిననే పత్రములు చూపవలెనని తీర్పు చెప్పినది. ఓటు రహస్యము కాపాడుటయే ఇందలి ఉద్దేశము.

అయినను అవసరమైనప్పుడు న్యాయస్థానము పత్రమును స్వయముగా జూడక మానదు. 2024 జనవరిలో చండీగఢ్ నగర మేయరు ఎన్నికయందు ఎనిమిది ఓట్లు చెల్లవని త్రోసివేయబడెను. ఆ పత్రములపై గీతలు వేసినది ఎన్నికల యధికారియే యని ఫిబ్రవరి 20న సుప్రీముకోర్టు తేల్చి, ఆ యెనిమిదింటిని చెల్లునవిగా నెంచి ఫలితమును మార్చినది. హర్యానాలోని బువానా లాఖూ గ్రామ సర్పంచి యెన్నిక 2022లో జరుగగా, 2025లో సుప్రీముకోర్టు ఓటింగు యంత్రములను తన ఆవరణముననే మరల లెక్కింపించినది, ఫలితము తలక్రిందులయ్యెను. ఎన్నికైనవానికి దాదాపు మూడేండ్ల పదవీకాలము నష్టమాయెను.

తాటియాకు పోయి కాగితము వచ్చినది, కాగితము పోయి యంత్రమును వచ్చినది. కాని లెక్కించువాని చేయి చాచియుండవలె నన్న నియమము మాత్రము మాఱలేదు. ముడిచిన పిడికిలిలో పుట్టిన అనుమానమును ఏ న్యాయస్థానమును పూర్తిగా తుడువజాలదు.