రిజిస్టర్‌లో పుట్టినరోజు, మైదానంలో వయసు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో పిల్లలను అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు అంచెలుగా విడదీస్తారు. బేస్‌బాల్‌కూ అదే లెక్క. వయసుకు హద్దు డిసెంబరు 31. అంటే జనవరి 2న పుట్టిన కుర్రాడూ, అదే ఏడాది డిసెంబరు 28న పుట్టిన కుర్రాడూ ఒకే జట్టులో చోటు కోసం పోటీపడతారు. ఎదుగుదల జోరుగా ఉండే 13, 14 ఏళ్ల ప్రాయంలో మగపిల్లలు ఏడాదికి 8 నుంచి 10 సెంటీమీటర్లు పొడుగు సాగుతారు. కాబట్టి ఈ ఇద్దరి మధ్య ఉన్న దాదాపు ఏడాది తేడా బంతి విసురులోనూ కనిపిస్తుంది, ఎంపిక చేసేవారి కంటికీ ఆనుతుంది.

దీనిపై బయటి దేశాల్లో గట్టి ఆధారాలే ఉన్నాయి. రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లో కెనడా ఐస్ హాకీలో, వయసు హద్దు దాటగానే పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికయ్యే ఈ ధోరణిని చూపింది. 1991లో థాంప్సన్, బార్న్స్‌లీ తదితరులు అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలించారు. అక్కడి పిల్లల లీగుల్లో అప్పట్లో వయసు హద్దు జులై నెలాఖరు. ఆ హద్దు దాటిన వెంటనే పుట్టినవాళ్లు పెద్ద లీగులో ఎక్కువగా తేలారు.

మరి తెనాలి, బాపట్ల, రేపల్లె బడుల్లో కూడా ఇదే జరుగుతోందా? ఎంట్రీ ఫారాలు తెచ్చి నెలలు లెక్కపెడితే తేలిపోతుందని అనిపిస్తుంది. అంత తేలిక కాదని నా అభిప్రాయం. ఫారంలో ఫొటో, పుట్టుమచ్చలు, అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ ఉంటాయి. కింద హెడ్మాస్టర్ సంతకం, ముద్ర. ఆ తేదీ అడ్మిషన్ రిజిస్టర్ నుంచి వస్తుంది. రిజిస్టర్‌లోకి ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. బర్త్ సర్టిఫికెట్ లేని రోజుల్లో బడి తెరిచే జూన్ నెలలోనే ఏదో ఒక తేదీ వేయడం మన ఊళ్లలో అందరూ ఎరిగిన సంగతే. అయిదేళ్లు నిండాయని చూపడానికి వయసు కాస్త పెంచి రాసినవాళ్లున్నారు. రేపు ఉద్యోగానికి పనికొస్తుందని తగ్గించి రాయించిన తల్లిదండ్రులూ ఉన్నారు. వయసు పెంచి రాసిన పిల్లాడు ఆటల్లో ఏడాది ముందే పెద్దల అంచెలో పడి నష్టపోతాడు. తగ్గించి రాసినవాడికి తనకు తెలియకుండానే మేలు జరుగుతుంది. పిల్లాడి తప్పేమీ లేని ఈ పొరపాటును, పతకం కోసం చేసే మోసంతో ఒకే గాటన కట్టడం అన్యాయం.

2023 జనన మరణాల నమోదు సవరణ చట్టం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి బర్త్ సర్టిఫికెట్‌నే ఆధారం చేసింది. ఆ పిల్లలు అండర్-14 ఆడే వయసుకు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఎముకల పరీక్ష ఉంది కదా అనవచ్చు. ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పద్ధతిని బీసీసీఐ 16 ఏళ్లలోపు క్రికెట్‌కు వాడింది. కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సైతం ఎముకల వయసు అసలు వయసుకు ఏడాది అటూ ఇటూ ఉండవచ్చు. ఫలానా పిల్లాడి పుట్టినరోజు ఇదీ అని అది తేల్చిచెప్పలేదు.

లెక్కల చిక్కు ఇంకొకటి. 16 మంది జట్టులో ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువమంది జనవరి-మార్చి మధ్య పుట్టినవాళ్లు కనిపిస్తే రుజువు దొరికిందనుకోకూడదు. పుట్టుకలు ఏడాది పొడవునా సమానంగా ఉన్నాయనుకున్నా, అలాంటి జట్టు దాదాపు అయిదింట ఒకసారి కేవలం యాదృచ్ఛికంగానే ఏర్పడుతుంది. కాబట్టి చాలా జట్ల వివరాలు కావాలి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక బాపట్ల, రేపల్లె అటు వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అందుకే రెండు జిల్లాల ఫారాలనూ కొన్నేళ్లవి కలిపి చూడాలి. ముందుగా మున్సిపాలిటీ లేదా పంచాయతీ రికార్డుతో సరిపోలిన తేదీలను వేరుచేసి, వాటినే లెక్కపెట్టాలి. జూన్ తేదీలు ఒకచోట గుట్టపడితే అది ఎంపికలో పక్షపాతం కాదు, రిజిస్టర్ అలవాటు.

బేస్‌బాల్‌లో ఇది పతకాలతో ఆగదు, పిల్లాడి చేతికీ సంబంధించినది. అమెరికాలో లిటిల్ లీగ్, పిచర్ ఒక రోజులో ఎన్ని బంతులు విసరాలో వయసును బట్టి నిర్ణయించింది: 9-10 ఏళ్లకు 75, 11-12కు 85, 13 నుంచి 16 వరకు 95. మోచేతి దగ్గర ఎముక ఎదిగే భాగం ఇంకా మెత్తగా ఉండే వయసు కాబట్టే ఆ జాగ్రత్త. మన పీఈటీలు ఈ లెక్క పాటించదలిస్తే, రిజిస్టర్‌లో 13 అని ఉన్న పన్నెండేళ్లవాడు రోజుకు పది బంతులు ఎక్కువ విసురుతాడు. అందువల్ల జట్టు జాబితాలో రిజిస్టర్ తేదీ పక్కనే బర్త్ సర్టిఫికెట్ తేదీకీ ఒక గడి పెట్టాలి. రెండూ కలవకపోతే ఏ అంచెలో ఆడాలన్నది నిబంధనల ప్రకారం తేలుతుంది. బంతుల లెక్కకు మాత్రం తక్కువ వయసు చూపే తేదీనే తీసుకోవాలి.