చెరకు తోటల కింద ఒక రాజ్యం

1898 ఆగస్టు 12న హొనొలులులోని ఇయోలానీ రాజభవనం మీద హవాయి జెండా దిగింది, అమెరికా జెండా ఎగిరింది. మూలవాసులు చాలామంది ఆ వేడుక వైపు తొంగి చూడలేదు. సింహాసనం పోగొట్టుకున్న రాణి లిలియుఒకలానీ తన ఇంటి గడప దాటలేదు. కథ అక్కడ ముగుస్తుందని తెలిసినా, మొదటికి వెళ్లి చూడకుండా ఉండలేం. ఆ రాజ్యం రణరంగంలో ఓడి పోలేదు. రెండు దేశాల చట్టసభలూ ఆమోదించిన ఒక వర్తక ఒప్పందం వెంట నడిచి నడిచి పోయింది.

1870ల నాటికి తిమింగలాల వేట ఓడలు రావడం తగ్గి, హవాయి రేవులు బోసిపోయాయి. పరదేశీ ఓడలు మోసుకొచ్చిన రోగాలకు మూలవాసులు తరం తరువాత తరం రాలిపోయారు. దీవులకు మిగిలిన ఆధారం చెరకు. తోటలేమో ఎక్కువగా విదేశీయుల చేతుల్లో, అక్కడికి మతప్రచారానికి వచ్చిన వారి బిడ్డల చేతుల్లో ఉన్నాయి. అమెరికాలో చక్కెర మీద సుంకం పోతే చాలు, తమ పంట పండినట్టేనని వాళ్లు రాజు మీద ఒత్తిడి పెట్టారు.

1873లో లునాలీలో రాజు ముందుకు ఒక సలహా వచ్చింది. పూఉలోవా అనే రేవును అమెరికాకు ఇచ్చేసి, బదులుగా సుంకం లేని వర్తకం అడుగుదామన్నారు. ముత్యపు చిప్పలు దొరికే నిండు నీళ్లు, ఒడ్డున తాతల నాటి చేపల చెరువులు ఉన్న చోటు అది. ఈనాడు లోకమంతా పెర్ల్ హార్బర్ అని పిలిచేది దాన్నే. జనం భగ్గుమన్నారు. రాజు వెనక్కి తగ్గాడు. కాదనడం ఆ రోజు వాళ్లకు చేతనైంది. ఆ మాట మీదే ఇంకొన్నేళ్లు నిలబడగలిగి ఉంటే!

మరుసటి ఏడు గద్దెనెక్కిన కలాకావా తానే వాషింగ్టన్‌కు ప్రయాణమయ్యాడు. గద్దె మీద ఉన్న రాజు ఒకరు అమెరికా నేల మీద కాలుపెట్టడం అదే మొదలు. అధ్యక్షుడు గ్రాంట్ విందు ఇచ్చాడు. 1875 జనవరిలో ఒప్పందం కుదిరింది. హవాయి చక్కెర, బియ్యం సుంకం లేకుండా అమెరికాకు వెళతాయి. అక్కడి ధాన్యం, కలప, యంత్రాలు సుంకం లేకుండా ఇక్కడికి వస్తాయి. దాంతోపాటే ఇంకో షరతు చేరింది: ఈ ఒప్పందం ఉన్నంతకాలం హవాయి తన రేవును గానీ నేలను గానీ వేరే ఏ దేశానికీ ఇవ్వకూడదు.

హవాయి చట్టసభలో జోసెఫ్ నావహీ దీన్ని ఎదిరించాడు. హిలో ప్రాంతపు మనిషి, న్యాయవాది, ఎవరూ నేర్పకుండానే కుంచె పట్టిన చిత్రకారుడు. ఇది సరుకుల బేరంతో ఆగదని, దేశాన్నే లాక్కుపోతుందని ఆయన భయం. ఆ భయాన్ని సభ పట్టించుకోలేదు. అక్కడ చట్టం ఆమోదం పొందింది. 1876 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ ఆమోదమూ పూర్తయింది. హవాయి తోటల్లో సంబరాలు.

ఆ ఒప్పందం ఆశ పెట్టినదంతా ఇచ్చింది. అసలు విషాదం అదే. పదిహేనేళ్లు తిరగకుండానే చక్కెర ఎగుమతి దాదాపు పది రెట్లయింది. చెరకుకు నీళ్లు కావాలి. కొండల నుంచి దిగే ఏళ్లను కాలువలు తోటలకు మళ్లించాయి. ఆ ఏళ్ల మీదే బతికినవి చేమ మడులు. మన వరి మడుల లాగే గట్లు వేసి, కదిలే నీళ్లు నిలిపి, అందులో చేమ పెంచేవారు. హవాయి పురాణంలో చేమ మనిషికి అన్న. పుట్టీ పుట్టగానే కన్నుమూసిన తొలి బిడ్డను పాతిపెట్టిన చోట ఆ మొక్క మొలిచిందట; తరువాత పుట్టినవాడు మనిషి. అన్నకు తమ్ముడు సేవ చేయాలి, తమ్ముడికి అన్న అన్నం పెట్టాలి. చాలాచోట్ల మళ్లు ఎండిపోయి, ఆ బంధం తెగిపోయింది. తోటల్లో పనికి చైనా, జపాన్, పోర్చుగల్ నుంచి కూలీలు వచ్చారు. 1890 నాటికి సొంత దీవుల్లో మూలవాసులు సగానికి సగం కూడా లేరు.

ఒప్పందం గడువు ఏడేళ్లు. ఆ తరువాత ఎవరైనా ఒక ఏడాది ముందు చెప్పి తప్పుకోవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంది. కానీ అప్పటికే ఒకే పంట, ఒకే కొనుగోలుదారు. బయటికి అడుగు వేసే బలం ఏదీ? కొనసాగించమని అడిగితే, 1887 జనవరిలో అమెరికా సెనేట్ తన వెల చెప్పింది: పూఉలోవా రేవు మీద అమెరికా నౌకాదళానికి మాత్రమే హక్కు. పద్నాలుగేళ్ల కిందట జనం కాదన్న అదే రేవు. కలాకావా మనసు ఒప్పలేదు. ఆ జూలైలో తుపాకుల నీడన ఆయన చేత కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించారు. రాజు అధికారం పోయింది, ఆస్తి లేని మూలవాసుల ఓటు విలువా పోయింది. సెప్టెంబరులో రేవు కూడా పోయింది. ఆయన చెల్లెలు లిలియుఒకలానీ, ఇది జరగకుండా ఉండవలసిందని దినచర్యలో రాసుకుంది.

అంత ఇచ్చి దక్కించుకున్నదైనా నిలిచిందా? 1890లో అమెరికా కాంగ్రెస్ ముడి చక్కెర మీద సుంకాన్ని అన్ని దేశాలకూ ఎత్తేసింది. సొంత రైతులకు పౌనుకు రెండు సెంట్లు బహుమానం ఇచ్చింది. హవాయికి ఉన్న ప్రత్యేకత ఒక్క చట్టంతో ఆవిరైపోయింది. రేవు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఈ నేలే అమెరికా అయిపోతే ఆ బహుమానం మనదేగా అనే ఆలోచన తోటల యజమానుల్లో కొందరికి అప్పుడే బలపడింది.

1891 జనవరిలో కలాకావా శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశాడు. ఆ కబురు సముద్రం దాటి రాలేదు. రాజు తిరిగొస్తున్నాడని హొనొలులు వీధులకు తోరణాలు కట్టారు. తీరానికి వస్తున్న ఓడ మీద జెండాలు సగానికి దిగి కనిపించాయి. కట్టిన చేతులే ఆ తోరణాలను విప్పి, నల్లగుడ్డలు చుట్టాయి.

రెండేళ్లకు, అమెరికా నావికులు తుపాకులతో ఒడ్డుకు దిగిన మర్నాడు, అన్న తరువాత రాణి అయిన లిలియుఒకలానీ నెత్తురు చిందకూడదని గద్దె దిగింది. నావహీ 1896లో క్షయతో పోయాడు. ఆ మరుసటి ఏడు ఆయన భార్య ఎమ్మా, ఆమెతో ఎందరో స్త్రీలు పురుషులు దీవి దీవికీ వెళ్లి, అమెరికాలో విలీనం వద్దంటూ సంతకాలు సేకరించారు. 21 వేలకు పైగా పేర్లు. పేరు పక్కన వయసు. ఆ కాగితాలు వాషింగ్టన్ చేరాక విలీన ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు దొరకలేదు. వాళ్లు గెలిచారు! కొన్ని నెలల పాటు గెలిచారు. 1898 జూలైలో మామూలు మెజారిటీ చాలే ఉమ్మడి తీర్మానంతో అదే కాంగ్రెస్ పని ముగించింది. రాణిని కూలదోసిన నూరేళ్లకు, 1993లో, అందుకు క్షమాపణ చెబుతూ ఇంకో తీర్మానమూ ఆమోదించింది.

సంతకం పెట్టింది వాళ్ల రాజే కదా, ఆమోదించింది వాళ్ల సభే కదా అని చరిత్ర తేలిగ్గా దాటిపోతుంది. ఆ ప్రజలు మాత్రం 1873లో వద్దన్నారు. 1876లో తమ ప్రతినిధి నోట వద్దన్నారు. 1897లో పేరూ వయసూ రాసి మరీ వద్దన్నారు. పోయిన రాజ్యం కోసం మనం కన్నీరు పెట్టుకుంటే, ముందుగా పెట్టుకోవలసింది ఆ మాట కోసం. అంత స్పష్టంగా చెప్పిన మాటను రెండు దేశాల సభలూ విని కూడా లెక్కలోకి తీసుకోలేదు.