కొలిమి ఊళ్లో కిరాయి పేర్లు

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కొలిమిని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లెందరో మూటాముల్లె సర్దుకుని వెళ్లారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి, ఖుర్సీపార్ సందుల్లో వినబడే తెలుగు, అన్నీ ఆ వలస వెంట వెళ్లినవే. ఊరందరికీ ఒకటే ఆశ. ప్లాంటు మస్టరులో పేరు ఎక్కితే చాలు, బతుకు గట్టెక్కినట్టే.

అదే ఊళ్లో నెహ్రూ నగర్‌లో సౌరభ్ చంద్రాకర్ అనే కుర్రాడు పళ్లరసాల దుకాణం నడిపేవాడు. దాని పేరు ‘జ్యూస్ ఫ్యాక్టరీ’. ప్లాంటు నీడలో పుట్టినవాడికి ఇంకే పేరు తోస్తుంది? తర్వాత అతడూ, స్నేహితుడు రవి ఉప్పల్ దుబాయి చేరారు. అక్కడి నుంచే ‘మహాదేవ్ బుక్’ అనే ఆన్‌లైన్ పందేల యాప్ నడిచింది. అడిగిందల్లా ఇచ్చే భోళాశంకరుడి పేరు పందేలకు పెట్టడంలో ఎంత తెలివి! దర్యాప్తులో ‘రెడ్డి అన్న’ అనే ఇంకో బుక్ పేరూ బయటపడింది. తెలుగు చెవికి ఆ పిలుపు సొంత వీధిలో వినిపించినట్టే ఉంటుంది.

పని తీరు చూడండి. ప్రకటనలో ఒక నంబరు ఉంటుంది. దానికి వాట్సాప్‌లో మాత్రమే పలకాలి. అటునుంచి ఒక ఐడీ, ఒక బ్యాంకు ఖాతా వివరం వస్తాయి. డబ్బు వేస్తే పాయింట్లు పడతాయి. మొదట్లో కాస్త గెలుపు చూపిస్తారు. ఆ తర్వాత మొత్తం మీద ఓడేది ఆడేవాడే. ఓడినవాడు ఇంకో యాప్‌లో అప్పుకు చెయ్యి చాస్తే ఏమవుతుందో 2020 డిసెంబరులో తెలంగాణ చూసింది. అప్పుల యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఇటు భిలాయి దందాలో పందేలు చూసుకునే శాఖను ‘ప్యానెల్’ అనేవారు. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) మాటల్లో లాభాల పంపకం 70–30 నిష్పత్తిలో.

2023 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమాలో చంద్రాకర్ పెళ్లి. నాగపూర్ నుంచి చుట్టాలు ప్రైవేటు విమానాల్లో వెళ్లారనీ, ఖర్చు 200 కోట్లు నగదుగానే చెల్లించారనీ ఈడీ చెప్పింది. ఆ పెళ్లే దిష్టి తగిలించిందని నాకనిపిస్తుంది. సెప్టెంబరుకల్లా 417 కోట్ల ఆస్తులు పట్టుబడ్డాయి. నవంబరు 5న కేంద్రం మహాదేవ్‌తో కలిపి 22 యాప్‌లు, సైట్లు మూయించింది. 2024 అక్టోబరులో చంద్రాకర్‌ను దుబాయిలో అదుపులోకి తీసుకున్నట్టు వార్తలు వచ్చాయి. రాజకీయ నాయకుల పేర్లూ దొర్లాయి, వాళ్లు కాదన్నారు. అది కోర్టులు తేల్చాల్సిన సంగతి.

చట్టం నడక మాత్రం ఎద్దుబండి నడకే. 1867 నాటి జూద చట్టంలో జూదపు కొంప నడిపినవాడికి ఎక్కువలో ఎక్కువ 200 రూపాయల జరిమానా, లేదా 3 నెలల జైలు. ఈ కేసులో అసలు పట్టు మనీలాండరింగ్ చట్టంలో దొరికింది. అందులో శిక్ష 3 నుంచి 7 ఏళ్లు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించే చట్టం 2025 ఆగస్టులో గాని రాలేదు.

నాకు దుఃఖం దుబాయి పెళ్లికొడుకు గురించి కాదు. తాతల పేర్లు మస్టరులో ఉన్న ఇళ్ల నుంచే కుర్రాళ్లు ప్యానెళ్లలో జీతానికి కూర్చున్నారు. కొందరు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికో అప్పగించి నెలకింతని పుచ్చుకున్నారు. అద్దెకిచ్చింది ఖాతా అనుకున్నారు. ఎక్కడో ఊరూ పేరూ తెలియని మనిషి ఫిర్యాదు చేస్తే, ఎఫ్ఐఆర్ వెతుక్కుంటూ వచ్చేది ఆ ఖాతా మీదున్న పేరునే. ఖాతా స్తంభిస్తుంది. అమ్మ పండక్కని వేసిన డబ్బూ అందులోనే చిక్కుకుంటుంది. బ్యాంకులో అడిగితే ఆ కేసు పెట్టిన పోలీసుల నుంచి కాగితం తెమ్మంటారు. ఆ స్టేషన్ వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. అక్కడిదాకా వెళ్లే రైలు భిలాయిలో తయారైన పట్టాల మీదే నడుస్తుంది. టికెట్టు డబ్బులు మాత్రం ఆ ఖాతాలోనే ఉన్నాయి.