గర్భిణుల్లో రేచీకటి: విటమిన్ ఏ లోపం చెప్పే సంగతి

పొద్దు వాలాక చూపు ఆనకపోవడాన్ని రేచీకటి అంటాం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లు రతౌంధీ అంటారు. పగలంతా కళ్లు బాగానే కనిపిస్తాయి. చీకటి పడితే మాత్రం గడప కాలికి తగులుతుంది, గిన్నె కోసం తడుముకోవాల్సి వస్తుంది. మసక వెలుతురులో చూడాలంటే కంటి లోపల రోడాప్సిన్ అనే పదార్థం కావాలి. అది తయారవడానికి విటమిన్ ఏ కావాలి. పాలు, గుడ్డు, ఆకుకూర అరుదుగా దొరికే ఇళ్లలో ఆడవాళ్ల ఒంట్లో దీని నిల్వ ముందే తక్కువ. బిడ్డ పెరిగేకొద్దీ అవసరం పెరుగుతుంది. అందుకే ఈ లోపం ఎక్కువగా చివరి నెలల్లో బయటపడుతుంది. కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది కూడా.

అలా తగ్గిపోవడం వల్లే ఎవరూ పట్టించుకోరు. బీహార్ సరిహద్దున ఉన్న నేపాల్ జిల్లా సర్లాహీలో 1990లలో పరిశోధకులు చూస్తే గర్భిణుల్లో దాదాపు పదిమందిలో ఒకరికి రేచీకటి ఉంది. వేవిళ్లలాగే ఇదీ మామూలేనని అక్కడివాళ్లు అనుకునేవారు. కానీ రేచీకటి వచ్చిన తల్లుల్లో రక్తహీనత, ఇన్ఫెక్షన్లు ఎక్కువని, కాన్పు తర్వాత కూడా మరణాల ముప్పు ఎక్కువని తేలింది. అంటే కంటితో ఆగే సమస్య కాదిది.

అదే జిల్లాలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన కీత్ వెస్ట్ బృందం సుమారు 44 వేల మంది మహిళలకు వారానికో మాత్ర ఇచ్చింది. కొందరికి విటమిన్ ఏ, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర. 1999లో ఫలితాలు వచ్చాయి. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో లక్ష గర్భాలకు 704 మంది తల్లులు చనిపోతే, విటమిన్ ఏ తీసుకున్నవాళ్లలో 426, బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో 361. ఇంత చవక మాత్రతో ఇంత లాభం అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ తర్వాత ఘనాలో, బంగ్లాదేశ్‌లో ఇంకా పెద్ద ఎత్తున పరీక్షిస్తే తల్లుల మరణాలు తగ్గలేదు. అక్కడ లోపం సర్లాహీ అంత తీవ్రంగా లేకపోవడం ఒక కారణం కావచ్చు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఆచితూచి చెప్పింది. గర్భిణులందరికీ ఈ మాత్ర అక్కర్లేదు. లోపం తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో మాత్రం రేచీకటి రాకుండా ఇవ్వొచ్చు. అదీ రోజుకు 10 వేల యూనిట్లు, లేదా వారానికి 25 వేల యూనిట్లు మించకుండా.

ఈ పరిమితి చాలా ముఖ్యం. మొదటి నెలల్లో విటమిన్ ఏ అతిగా పడితే బిడ్డకు పుట్టుకతోనే లోపాలు రావొచ్చు. మన దగ్గర చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి పట్టే సిరప్‌లో ఒక్క డోసుకే 2 లక్షల యూనిట్లు ఉంటాయి. ఇంట్లో ఉంది కదా అని గర్భిణి దాన్ని తాగకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకిచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల్లో విటమిన్ ఏ ఉండదు, రెండూ ఒకటే అనుకోవద్దు.

తిండితో వచ్చేదానికి ఇంత భయం లేదు. మునగాకు, తోటకూర, పాలకూర, క్యారెట్, మాగిన మామిడి, ఎర్రగుమ్మడి వీటిలో ఉన్నది బీటా కెరోటిన్. ఒంటికి కావలసినంతే విటమిన్ ఏగా మారుతుంది. కూరలో కాస్త నూనె ఉంటేనే బాగా పడుతుంది. పాలు, గుడ్డు కూడా మంచివే. కలేజీ సంగతి వేరు. అందులో విటమిన్ ఏ నేరుగా, చాలా ఎక్కువగా ఉంటుంది. బక్రీద్ తర్వాత ఇంట్లో ఉంది కదా అని గర్భిణికి వరసగా రోజూ పెట్టకుండా డాక్టర్‌ని అడగడం మేలు.

సాయంత్రం చూపు ఆనడం లేదని కోడలో, చెల్లెలో అంటే ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్‌ఎంకు గానీ వెంటనే చెప్పండి. అడగకపోతే చాలామంది తమంతట తాము ఆ మాట అనరు. కాబట్టి చెకప్‌కు వెళ్లేముందు మీరే ఓసారి అడిగి చూడండి.