కామెర్లును నేలయుసిరికయు

ద్రాక్షారామ ప్రాంతమున వానలు పడినంతనే చేలగట్లమీఁదను దొడ్లలోను నేలయుసిరిక మొలచును. కామెర్లు సోఁకినవారికి దానిని సమూలముగ నూరి, మజ్జిగలోఁ గలిపి, పరగడుపునఁ ద్రాగించుట మన యిండ్ల పురాతనాచారము. చరకసంహిత చికిత్సాస్థానమునఁ గామలారోగము పాండురోగముతోఁ జేర్చి వర్ణింపఁబడినది. సంస్కృత వైద్యులు భూమ్యామలకి యన్న దీ మొక్కనే. ప్రాచీన మగుటచేతనే యిది సత్యమనుట యెట్లు తగదో, పల్లెమం దగుటచేతనే యసత్యమనుటయు నట్లే తగదు. పరీక్షయే ప్రమాణము.

ఆ పరీక్ష మదరాసులో జరిగెను. హెపటైటిస్ బి క్రిమిని గుర్తించి, 1976లో నోబెలు బహుమానము నందిన బ్లూంబర్గు పండితుఁడును, మదరాసు శాస్త్రజ్ఞులగు త్యాగరాజనుగారును, తోడివారితోఁ గూడి, యా క్రిమిని నెత్తుట మోయుచున్నవారికి నేలయుసిరిక చూర్ణమును 30 దినము లొసంగి, ఫలితమును 1988లో లాన్సెట్టు పత్రికయందుఁ బ్రకటించిరి. మందు గొన్న 37 మందిలో 22 మంది రక్తమునఁ గ్రిమిచిహ్నము మాయమయ్యెను. మందులేని పొడి గొన్న 23 మందిలో నొక్కరికి మాత్రమే యట్లు జరిగెను. ఇది గొప్ప యాశ గొల్పినది. కాని పిదప థాయిలాండునను న్యూజీలాండునను జరిగిన పరీక్షలలో నట్టి ఫలము గానరాలేదు. 2011లో కాక్రేను సంస్థవారి సమీక్షయు, ఈ జాతి మొక్కలు మందులేని పొడికంటె మేలని నమ్మఁదగిన సాక్ష్యము లేదని తేల్చినది.

మఱి మన యూళ్లలో నెందఱో దీనివలన బాగుపడిరి గదా యందురా? ఇందలి మర్మ మిది. కలుషితజలమువలన వచ్చు 'ఏ', 'ఈ' తరగతుల కామెర్లు చాలమందికిఁ గొన్ని వారములలోఁ దమంతఁ దామే తగ్గును. తగ్గునాఁటికిఁ జేతిలో నే పసరున్న దానికే కీర్తి దక్కును. కాని యందఱకు నిట్లు గాదు. 1955-56లో ఢిల్లీనగరపు త్రాగునీట మురుగు గలియఁగా సుమారు 29,000 మందికిఁ గామెర్లు సోఁకినవి. గర్భిణులలో మరణము లితరులకంటె నెక్కువ. అది 'ఈ' తరగతి వ్యాధియే యని పిమ్మటి పరీక్షలవలనఁ దేలినది.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు మన సీమకుఁ గాలువయే ప్రాణము. కావున ఢిల్లీకథ మనకు దూరమైనది గాదు. నేలయుసిరికను దూషింపఁ బనిలేదు; అది యిచ్చు ధైర్యముచేత వైద్యుని కడ కేఁగుట యాలస్య మగుటయే దోషము. రోగి రక్తమును బరీక్ష చేయించి వ్యాధి యే తరగతిదో తెలిసికొనవలెను. గర్భిణికిఁ గన్నులు పచ్చబడిన నాఁడే యామెను ఆసుపత్రికిఁ గొనిపోవలెను. త్రాగునీరు కాచుకొనవలెను, కాలువగట్లను మలినము సేయరాదు. పూర్వులు దమ యనుభవమును మనకు ధనముగ నొసంగిరి. దానిని శోధించి గ్రహించుటయే వారిపట్ల నిజమైన గౌరవము.